అద్దె కోసం హైదరాబాదులో ఇల్లు కొనేవారికి

అద్దె ఆదాయం కోసం ఇల్లో ఫ్లాటో కొనాలనుకునే బంధువులు, పాత సహోద్యోగుల పిల్లలు తరచూ నన్ను సలహా అడుగుతారు. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కూకట్‌పల్లిలో మేముంటున్న ఇంటి పై రెండు అంతస్తులూ, హబ్సిగూడలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటూ అద్దెకు ఇచ్చి చూసుకుంటున్నాం. వచ్చినవాళ్లందరి మొదటి ప్రశ్న ఒకటే: "ఆంటీ, ఎక్కడ కొంటే రేటు పెరుగుతుంది?" నేను తిరిగి అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: "అందులో ఎవరు ఉంటారు?"

రేటు పెరుగుతుందని స్థలం కొని తాళం వేసుకోవడం వేరే వ్యాపారం. అద్దెకు ఇవ్వడానికి కొనేవారు ముందు అద్దెకు వచ్చే మనిషిని ఊహించుకోవాలి. ఆయన ఎక్కడ పనిచేస్తాడు, ఆఫీసుకు ఎలా వెళతాడు, భార్య ఉద్యోగం చేస్తుందా, పిల్లలు ఏ స్కూలు బస్సు ఎక్కుతారు, జీతంలో ఎంత అద్దెకు పెట్టగలరు. ఇవి తెలిస్తే ఏ కాలనీ, ఎన్ని గదులు, ఎన్నో అంతస్తు, ఎంత ధర అన్నవి వాటంతటవే తేలతాయి. కింద నేను చెప్పే ప్రతి విషయానికీ మూలం ఈ ప్రశ్నే.

ముందు లెక్క

ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 80 లక్షలకు వస్తోంది, నెలకు 24 వేలు అద్దె పలుకుతుంది అనుకుందాం. ఏడాదికి 2 లక్షల 88 వేలు, అంటే 3.6 శాతం రాబడి అని బ్రోకరు చెబుతాడు. మీరు మాత్రం కాగితం తీసుకుని మళ్లీ లెక్క వేయండి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. మూడూ కలిపి 7.5 శాతం, 80 లక్షల మీద 6 లక్షలు. బ్రోకరుకు ఒక శాతం చొప్పున 80 వేలు. రంగులు, ప్లంబింగు, గీజరు, కిటికీలకు దోమతెరలు కలిపి ఒక 2 లక్షలు. మొత్తం మీ చేతి నుంచి పోయేది దాదాపు 89 లక్షలు.

ఇప్పుడు రాబడి. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని అనుకోవడం మంచిది. పదకొండు నెలలకు 2 లక్షల 64 వేలు. ఇంటి పన్ను, చిన్న చిన్న మరమ్మతులు, ఖాళీ నెలలో మీరే కట్టే మెయింటెనెన్సు కలిపి 30 వేలు తీసేయండి. మిగిలిన 2 లక్షల 34 వేలను 89 లక్షలతో భాగిస్తే 2.6 శాతం. బ్యాంకు డిపాజిట్టు ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. అయినా ఇల్లు ఎందుకు కొంటామంటే అద్దె ఏడాదికేడాది పెరుగుతుంది, డిపాజిట్టు వడ్డీ పెరగదు. కింద ఉన్న భూమిలో మనకు వాటా ఉంటుంది. ఈ రెండూ నిజమైన కారణాలే. కానీ అవి పదేళ్లు, పదిహేనేళ్లు ఓపిక పట్టేవారికి పనికివస్తాయి. మూడేళ్లలో అమ్మేసేవారికి రిజిస్ట్రేషన్ ఖర్చే లాభాన్ని మింగేస్తుంది.

అప్పు చేసి కొనేవారు మరింత జాగ్రత్తగా చూడాలి. 60 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెల వాయిదా సుమారు 52 వేలు. అద్దె 24 వేలు పోను మిగతా 28 వేలు ప్రతి నెలా మీ జీతంలోంచి వెళ్లాలి. "అద్దెతో ఈఎంఐ కట్టుకుంటాం" అని రుణానికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. హైదరాబాదు ధరలకు అది కుదరదు. రిజిస్ట్రేషన్ ఖర్చుకు బ్యాంకు అప్పు ఇవ్వదని కూడా గుర్తుంచుకోండి. పై ఉదాహరణలో ఆ ఫ్లాటుకు మీ దగ్గర 29 లక్షల సొంత డబ్బు ఉండాలి. నా సలహా ఇంకా కఠినమైనది: ధరలో సగమైనా సొంతంగా పెట్టగలిగినప్పుడే అద్దె కోసం కొనండి. ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా వాయిదా ఆగకుండా కట్టగల డబ్బు విడిగా ఉంచండి.

డాక్యుమెంటులో ధర తక్కువ చూపిద్దామని అమ్మేవాళ్లు అడుగుతారు. ఒప్పుకోవద్దు. రుణం తగ్గుతుంది, రేపు మీరు అమ్మేటప్పుడు ఆ తేడా అంతా మీ లాభంగా కనిపించి పన్ను పడుతుంది, ఆదాయపు పన్ను శాఖ నోటీసు వస్తే చూపించడానికి కాగితం ఉండదు.

ఎవరి కోసం, ఎక్కడ

గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌లలో అద్దెలు ఎక్కువే, కొనే ధర ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అద్దె వేళకు ఇస్తారు, కంపెనీ మారితే ఇల్లూ మారతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలుపెట్టాక ఆ వైపు హాస్టళ్లు, ఫ్లాట్లు ఎలా ఖాళీ అయ్యాయో అందరం చూశాం. ఒకే పరిశ్రమ మీద ఆధారపడిన చోట కొంటే ఆ ప్రమాదం ఉంటుందని తెలిసి కొనాలి. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉంటారు. నోటిఫికేషన్లు వస్తే గది దొరకదు, రాకపోతే ఊళ్లకు వెళ్లిపోతారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వచ్చేవారు కూడా కొద్ది నెలల కోసమే వస్తారు.

మేం హబ్సిగూడ ఎంచుకోవడానికి కారణం వేరు. ఉస్మానియా యూనివర్సిటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ వంటి పరిశోధన సంస్థలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్లు సులువుగా కదలరు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో అటుగానే పోతుంది కాబట్టి భార్య యూనివర్సిటీలో, భర్త హైటెక్ సిటీలో పనిచేసే కుటుంబాలకూ సరిపోతుంది. కూకట్‌పల్లిలో మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో, అన్ని వైపులకూ బస్సులు, నడిచి వెళ్లే దూరంలో కూరగాయల మార్కెట్టు ఉన్నాయి. అద్దె గచ్చిబౌలి అంత రాదు. కానీ ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు, నాకు అదే ముఖ్యం.

ఒక కాలనీ మీకు నచ్చితే ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఇంటి దగ్గర నుంచి మెట్రో స్టేషనుకో బస్టాపుకో నడవండి. కారులో వెళ్లి చూస్తే ఏమీ తెలియదు. రాత్రి తొమ్మిదికి మళ్లీ నడవండి: వీధి దీపాలు వెలుగుతున్నాయా, కుక్కలు వెంటపడుతున్నాయా, ఒంటరిగా నడిచే ఆడపిల్ల భయపడేలా ఉందా. ఉద్యోగం చేసే అమ్మాయిలు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు గదులకంటే ముందు వీధినే చూస్తారు.

అద్దె ఎంత వస్తుందో తెలుసుకోవడానికి వెబ్‌సైట్లలో కనిపించే అంకెలు చాలవు, అవి ఓనర్లు ఆశించే అద్దెలు. కాలనీలో తిరిగి టులెట్ బోర్డుల మీది నంబర్లకు ఫోను చేయండి, ఇల్లు కావాలని అడిగి అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్సు రాసుకోండి. నెల తర్వాత మళ్లీ వెళ్లండి. ఏ బోర్డులు పోయాయో అవి నిజమైన అద్దెలు. ఏవి ఇంకా వేలాడుతున్నాయో ఆ అద్దెలు ఎక్కువ, లేదా ఆ ఇళ్లలో ఏదో లోపం ఉంది. ఆ లోపం ఏమిటో వాచ్‌మన్‌ను అడిగితే చెబుతాడు.

నీళ్లు

ఈ ఊళ్లో అద్దె ఇంటికి నీళ్లే ప్రాణం. 2024 ఎండాకాలంలో నగరానికి పడమటి వైపు ఎన్నో అపార్ట్‌మెంట్లలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సులో కలిసి నెలకు వేలల్లో పెరిగితే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారు, కొత్తవాళ్లు ఆ సంగతి విని రారు. కొనేముందు నాలుగు ప్రశ్నలు వేయండి: జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షన్ ఉందా, నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి ఎంతసేపు వస్తాయి, బోరు ఎంత లోతు, ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు కొన్నారు. చివరి ప్రశ్నకు నోటి మాట నమ్మకుండా అసోసియేషన్ ఖర్చుల పుస్తకం అడగండి. వేసవి నెలల పేజీలు చూస్తే సరిపోతుంది. వీలైతే మే నెలలోనే ఇల్లు చూడండి. ఆ నెలలో నీళ్లు ఉన్న భవనానికి ఏడాదంతా ఉంటాయి.

జలమండలి నగరంలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇస్తోంది. మీటరు ఉండాలి, ఆధార్ జత చేయాలి. అమ్మేవాళ్లు ఆ పని చేశారో లేదో, పాత బిల్లు బకాయి ఉందో లేదో కనుక్కోండి.

వర్షాకాలం సంగతి కూడా చూడాలి. 2020 అక్టోబరులో వచ్చిన వరదల్లో ఎన్నో కాలనీల్లో సెల్లార్లు నిండి కార్లు తేలాయి, మీటర్లు మునిగాయి. పక్కింటివాళ్లను, ఇస్త్రీ బండి అతన్ని అడిగితే గట్టి వాన పడితే ఎక్కడి దాకా నీళ్లు వస్తాయో చేత్తో చూపిస్తారు.

కాగితాలు

బ్యాంకులో నేను ఎక్కువ కాలం చేసిన పని ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. పాత ఫ్లాటు అయినా సరే, లింకు డాక్యుమెంట్లు కనీసం ముప్పై ఏళ్లవి చూడాలి. ఒకరి నుంచి ఒకరికి హక్కు ఎలా వచ్చిందో గొలుసు తెగకుండా ఉండాలి. ఎక్కడైనా వారసత్వంగా వచ్చిందంటే వారసులందరూ సంతకం పెట్టారా, ఆడపిల్లలు పెట్టారా అని తప్పక చూడండి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల జాబితా, ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందు లావాదేవీలకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత రికార్డు వెతికించాలి. ఈసీలో తనఖా కనిపిస్తే రుణం తీరిందన్న బ్యాంకు లేఖ ఒక్కటే చాలదు. తనఖా విడుదల డాక్యుమెంటు కూడా రిజిస్టరై ఈసీలో కనిపించాలి.

ఆ భూమి 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరుతో చూడవచ్చు. ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు పంచిన) భూములు ఈ జాబితాలో ఉంటాయి. చెరువు దగ్గరైతే హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే) హద్దు, దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని బఫర్ జోను చూడండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు బఫర్. 2024 జులైలో, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల్లో కట్టిన భవనాలు కూలడం అందరూ టీవీల్లో చూశారు. కిటికీలోంచి చెరువు కనిపిస్తుందని ఎక్కువ ధర చెబితే ముందు ఆ మ్యాపు తెరవండి.

తర్వాత మున్సిపల్ ప్లాను. మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, కట్టింది ఎన్నో లెక్కపెట్టండి. పైన ఒక పెంట్‌హౌస్, స్టిల్టులో (కింద కారు పార్కింగులో) ఒక గది అదనంగా వేసి అమ్మే భవనాలు ప్రతి కాలనీలోనూ ఉన్నాయి. ప్లానులో లేని అంతస్తులోని ఫ్లాటు కాస్త తక్కువకు వస్తుంది, అద్దె మాత్రం మిగతా వాటితో సమానంగానే వస్తుందని ఆశపెడతారు. వద్దు. మంచి బ్యాంకు దానికి అప్పు ఇవ్వదు, రేపు మీ దగ్గర కొనేవాడికీ ఇవ్వదు.

తెలంగాణలో బిల్డరు పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు (ఓసీ) వచ్చాకే అది విడుదలవుతుంది. కొత్త భవనంలో మీకు చూపించే ఫ్లాటు ఆ తనఖాలో ఉన్నదా అని ప్లానులోనూ ఈసీలోనూ చూసుకోండి. ఈ ఒక్క మాట చాలామంది కొనుగోలుదారులకు తెలియదు.

ఫ్లాటులో ఇంకో ముఖ్యమైన అంకె యూడీఎస్, అంటే భూమిలో మీ అవిభాజ్య వాటా. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లున్న పాత భవనంలో ఒక్కొక్కరికి 50 గజాలు వస్తాయి. అదే స్థలంలో యాభై ఫ్లాట్లు కడితే 20 గజాలే. భవనం ఏటేటా పాతబడుతుంది, ధర పెరిగేది ఆ గజాలకే. అందుకే కాస్త పాతదైనా యూడీఎస్ ఎక్కువున్న ఫ్లాటు వైపే నేను మొగ్గుతాను. అలాగే ఎస్‌ఎఫ్‌టీ చూసి మురిసిపోకండి. 1,200 అడుగులని అమ్మే ఫ్లాటులో కారిడారు, లిఫ్టు, మెట్ల వాటా కూడా కలిసి ఉంటుంది. అద్దెకు వచ్చినవాళ్లు మంచం పట్టే గదికి, బీరువా పెట్టే గోడకు డబ్బిస్తారు. టేపు తీసుకెళ్లి లోపల కొలవండి.

అమెరికాలో ఉన్న యజమాని తరఫున జీపీఏతో, అంటే ఆయన ఇచ్చిన అధికార పత్రంతో, అమ్మితే రెండు సంగతులు. జీపీఏతో మాత్రమే హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉండాలి, ఆ జీపీఏ ఇంకా చెల్లుబాటులో ఉందని యజమానితో మీరే వీడియో కాల్‌లో మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఇక రెండోది పన్ను. మామూలుగా 50 లక్షలు, ఆ పైన ధరకు కొనేవారు ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాలి. అమ్మేది ప్రవాస భారతీయుడైతే ఆ ఒక శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ. ఆడిటరును అడగకుండా డబ్బు పంపవద్దు.

కట్టని ఫ్లాట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. అద్దె కోసం కొనేవారికి ప్రీ-లాంచ్ పనికిరాదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రకటించడమే చట్టవిరుద్ధం. నంబరున్నా రిజిస్టర్డ్ అగ్రిమెంటు చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. పైగా కడుతున్న ఫ్లాటు మీద మామూలుగా 5 శాతం జీఎస్టీ పడుతుంది, ఓసీ వచ్చాక కొంటే పడదు. అన్నిటికంటే ముఖ్యంగా, కట్టే నాలుగేళ్లూ మీకు రూపాయి అద్దె రాదు.

ఫ్లాటా, పోర్షన్లా

సొంత స్థలంలో రెండు మూడు అంతస్తులు వేసుకుని పోర్షన్లు అద్దెకివ్వడం మన దగ్గర పాత పద్ధతి. ఒక పోర్షను ఖాళీ అయినా మిగతావాటి అద్దె వస్తుంది, భూమి అంతా మీదే. అయితే మీరు అదే ఇంట్లో, లేదా దగ్గర్లో ఉండాలి. మోటారు వేయడం, సంపు కడిగించడం, డ్రైనేజీ నిండితే మనిషిని పిలవడం అంతా మీ పనే. దూరంగా ఉండేవారు ఫ్లాటే కొనుక్కోవాలి.

పోర్షన్లు కట్టేవారు ప్రతిదానికీ విడి కరెంటు మీటరు పెట్టించండి. ఒకే మీటరు మీద మూడు కుటుంబాలుంటే యూనిట్లు కలిసి పై స్లాబులోకి పోతాయి, నెలనెలా గొడవ. 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. విడి మీటరు లేకపోతే వాళ్లు ఆ లాభం పోగొట్టుకుంటారు.

ఇల్లంతా హాస్టల్‌కు లీజుకిమ్మని అడిగేవారు వస్తారు. అద్దె ఎక్కువ చెబుతారు. నీళ్లు, డ్రైనేజీ మీద నాలుగు రెట్లు భారం పడుతుంది, ఇంటి పన్ను వాణిజ్య రేటుకు మారుతుంది, ఇరుగుపొరుగుతో మాటలు పడాలి. నేను ఇవ్వను. రోడ్డు వైపు మల్గీ (దుకాణం) తీయాలంటే ప్లానులో దానికి అనుమతి ఉందో లేదో చూశాకే తీయండి.

మనుషులను ఎంచుకోవడం

మే నెలలో పరీక్షలు అయిపోయి స్కూళ్లు మారే కాలంలో ఇళ్లు వెతికేవారు ఎక్కువ. ఆషాఢంలో చాలా కుటుంబాలు పాలు పొంగించవు, పుష్యంలోనూ, మూఢంలోనూ అంతే. కాబట్టి జూన్‌లో ఖాళీ అయ్యేలా ఉంటే ఆషాఢం రాకముందే మాట కుదుర్చుకోండి, లేకపోతే శ్రావణం దాకా ఆగాల్సి రావచ్చు. వెయ్యి రూపాయల దగ్గర పట్టుబట్టి రెండు నెలలు ఖాళీగా ఉంచితే, 24 వేల అద్దెకు 48 వేలు పోతాయి. ఆ వెయ్యి తిరిగి రాబట్టడానికి నాలుగేళ్లు పడుతుంది.

కులం, మతం, మాంసం తింటారా అని అడిగి ఇల్లు లేదనడం మన కాలనీల్లో ఇంకా ఉంది. ఇది తప్పని నేను గట్టిగా నమ్ముతాను. మా మొదటి అంతస్తులో ఉంటున్న అమ్మాయిలిద్దరూ నర్సులు. "బ్యాచిలర్స్‌కు ఇవ్వం" అన్న బోర్డులు చూసి చూసి అలసిపోయి మా గేటు దగ్గరకు వచ్చారు. అద్దె ఐదో తేదీ దాటనివ్వరు, ఇల్లు అద్దంలా ఉంచుతారు. నేను అడిగేవి ఇవే: ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంతమంది ఉంటారు, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు, పాత ఓనరుతో ఒకసారి మాట్లాడవచ్చా. ఆధార్, ఆఫీసు గుర్తింపు కార్డు కాపీ తీసుకుని పోలీసు స్టేషనులో వివరాలు ఇస్తాను. చేతికి వచ్చే జీతంలో అద్దె మూడో వంతు దాటేలా ఉంటే వాళ్ల మంచికే చిన్న ఇల్లు చూసుకోమని చెబుతాను.

అగ్రిమెంటు పదకొండు నెలలకు రాసుకోవడం మామూలే.  అడ్వాన్సు మన దగ్గర మామూలుగా రెండు నెలల అద్దె. ఎక్కువ అడగకండి. కాగితంలో ఇవి ఉండాలి: అద్దె ఏ తేదీకి, ఏ ఖాతాకు, మెయింటెనెన్సు, కరెంటు, నీళ్ల బిల్లు ఎవరు కడతారు, పదకొండు నెలల తర్వాత ఎంత శాతం పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, రంగుల ఖర్చుకు అడ్వాన్సులో ఎంత తగ్గిస్తారు, ఎన్నేళ్లు ఉంటే తగ్గించరు. గొడవలన్నీ ఈ చివరి వాక్యం రాయకపోవడం వల్లే వస్తాయి. తాళాలు ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి ప్రతి గది వీడియో తీసుకోండి. ఫ్యాన్లు, లైట్లు, కుళాయిలు, మీటరు రీడింగు అందులో కనిపించాలి. ఇద్దరి ఫోన్లలోనూ ఆ వీడియో ఉండాలి.

నడపడం

ప్లంబరు, ఎలక్ట్రీషియను, కార్పెంటరు నంబర్లు అద్దెకున్నవాళ్లకు ముందే ఇచ్చేయండి. గీజరు, మోటారు, గోడలో పైపు పాడైతే మీ ఖర్చు. బల్బులు, కుళాయి వాషర్లు వాళ్ల ఖర్చు అని మొదటి రోజే చెప్పండి. ఫోను వచ్చిన రోజే మనిషిని పంపండి. కుళాయి నెల రోజులు కారితే ఆ కుటుంబం వేరే ఇల్లు చూసుకోవడం మొదలుపెడుతుంది. లీకేజీని వదిలేస్తే కింది ఫ్లాటు సీలింగు పాడై ఆ ఖర్చూ మీదే అవుతుంది. ఏటా ఒక నెల అద్దె మరమ్మతుల కోసం పక్కన పెట్టండి.

ముందు చెప్పకుండా వాళ్ల ఇంట్లోకి వెళ్లకండి. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు అని అడగకండి. అద్దె ఇస్తున్నంత కాలం అది వాళ్ల ఇల్లు. అద్దె ఆగితే మొదటి నెలలోనే కూర్చుని మాట్లాడండి. ఉద్యోగం పోయిన మనిషికి ఒక నెల గడువు ఇవ్వడానికి నేను వెనకాడను. రెండో నెల కూడా రాకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. కరెంటు, నీళ్లు ఆపడం, తాళం వేయడం చేయవద్దు. అది చట్టానికి విరుద్ధం, కోర్టులో మీ కేసునే బలహీనం చేస్తుంది.

పన్నుల సంగతి. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే ఆ ఏడాది పన్నులో నగరపాలక సంస్థ 5 శాతం రాయితీ ఇస్తూ వస్తోంది. ఆదాయపు పన్నులో, అద్దె నుంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలిన దానిలో 30 శాతం మరమ్మతుల కింద మినహాయిస్తారు, మీరు ఖర్చు చేసినా చేయకపోయినా. రుణం మీది వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. వడ్డీ ఎక్కువై నష్టం తేలితే పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంతో సర్దుబాటు అవుతుంది, కొత్త విధానంలో కాదు. ఏడాదికి లక్ష దాటి అద్దె కట్టే ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) కోసం మీ పాన్ అడిగితే ఇవ్వండి, అది ఆయన హక్కు. పాన్ ఇవ్వనని, నగదే కావాలని పట్టుబట్టే ఓనర్ల వల్ల మంచి ఉద్యోగస్తులు ఇల్లు నచ్చినా వెనక్కి వెళ్లిపోతారు. నెలకు 50 వేలు దాటిన అద్దె అయితే అద్దెకున్నాయన 2 శాతం టీడీఎస్ కోసి ఇస్తాడు. అది మీరు కట్టాల్సిన పన్నుకు జమ అవుతుంది, భయపడక్కర్లేదు.

ఖాళీ చేసే రోజు పాత వీడియో తెరిచి ఇద్దరూ కలిసి గదులు చూడండి. మామూలు వాడకంతో పాతబడిన రంగుకు, అరిగిన గొళ్లానికి డబ్బు కోయవద్దు. పగిలిన బేసినుకు, కోసేసిన కిటికీ మెష్‌కు బిల్లు చూపించి తగ్గించండి. కరెంటు ఆఖరి బిల్లు, అసోసియేషన్ బకాయి లేదన్న మాట అందాక, మిగిలిన అడ్వాన్సు ఆ రోజే వాళ్ల ఖాతాలో వేయండి, తాళాల సంఖ్య సరిచూసుకుని రసీదు మీద ఇద్దరూ సంతకాలు చేయండి. కొత్తవాళ్లు దిగేలోపు తలుపు తాళం మార్పించి, బాత్రూమ్ గోడల్లో చెమ్మ ఉందేమో ఒకసారి ప్లంబరుతో చూపించండి.